డ్యాంకు పర్యావరణ అనుమతి: ఊళ్లలో వినే అపోహలు, అసలు సంగతులు

ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏం నష్టమో అంచనా వేసే ఈఐఏ నివేదికలు రాసే పని నాది. ముంపు గ్రామాలకు వెళ్తే మొదట అడిగేది ఒకటే, "సార్, మేమంతా వద్దంటే ఆగిపోద్దా?"

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగ్ లాంటిది.

కాదండీ. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌లో చేతులెత్తించి లెక్కపెట్టడం లేదు, కనీసం ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. అందుకే బహిష్కరణ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. సభను వీడియో తీస్తారు, మీరు అడిగినవాటికి తుది నివేదికలో కంపెనీ జవాబు చెప్పుకోవాలి. "డ్యాం వద్దు" అని అరిస్తే మినిట్స్‌లో ఒక్క లైనుతో సరి. అదే "ఎండాకాలం డ్యాం కింద ఏట్లోకి ఎన్ని నీళ్లు వదులుతారు, చేపలు పట్టి బతికేవాళ్ల నష్టం ఏ పేజీలో రాశారు" అని అడిగారనుకోండి, జవాబు రాయాల్సిన మాకు చెమటలు పడతాయి, రేపు కేసు వేసినా లాయరుకు అదే ఆధారం. రాలేనివాళ్లు కాగితం మీద రాసి కాలుష్య నియంత్రణ మండలికి పంపొచ్చు, రశీదు మాత్రం దాచుకోండి.

అపోహ: డ్యాం కట్టే రాష్ట్రంలో సభ పెడితే చాలు.

పోలవరం చూడండి. 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కూడా ఉన్న ఈ ప్రాజెక్టుకు 2005 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోనూ ఉంది, సభలేమో ఆంధ్రప్రదేశ్‌లోనే పెట్టారు. ఆ కారణంతోనే 2007 డిసెంబర్‌లో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని కొట్టేసింది. తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును ఆపింది, పనులు సాగాయి, అదంతా వేరే కథ.

అపోహ: చిన్న ప్రాజెక్టుకు చిన్న నష్టమే.

పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులను కేంద్రం చూస్తుంది, 25 మెగావాట్లు, ఆపైన ఉండే మధ్యరకం వాటిని మామూలుగా రాష్ట్ర స్థాయిలో చూస్తారు, 25 కన్నా తక్కువైతే అసలు ఈ అనుమతే అక్కర్లేదు. 24 మెగావాట్ల ప్రాజెక్టులు అన్ని ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా? ఒకే ఏటి మీద అలాంటివి వరసగా నాలుగొస్తే నీళ్లు సొరంగాల్లో పోతాయి, కింద రాళ్లు తేలతాయి, ఆ నాలుగింటి నష్టం కలిపి లెక్కేసేవాళ్లు ఉండరు.

"మీకు డబ్బులిచ్చేది కంపెనీయేగా" అంటారు. అది అపోహ కాదు, నిజమే. గుర్తింపు ఉన్న సంస్థే నివేదిక రాయాలన్న నిబంధన ఉంది గానీ ఫీజు కట్టేది వాళ్లే. అందుకే మా నివేదికను గుడ్డిగా నమ్మొద్దనే నేనూ చెబుతా.

ఇంకొకటి, అనుమతి వచ్చాక తీరిగ్గా కోర్టుకెళ్దాం అనుకోకండి. ఎన్జీటీలో, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో, అప్పీలుకు 30 రోజులే గడువు, సరైన కారణం చూపిస్తే మరో 60. ఆపైన ట్రిబ్యునల్ కూడా ఏమీ చేయలేదు. అందుకే ఊళ్లో డిగ్రీ చదివే కుర్రాడెవరికైనా అనుమతుల వివరాలు పెట్టే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్ రోజూ చూసే పని అప్పగించండి.