అరకిలో మట్టి

చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాత దీవెనలు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి అడిగారే, "పైరు ఇంత పచ్చగా ఉంటే ఇంక మట్టి పరీక్ష ఎందుకు తాతా?" అని. పని తొందరలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ పచ్చదనం యూరియాది. అందులో నూటికి 46 పాళ్లు నత్రజని. చల్లిన కొద్ది రోజులకే ఆకు నవనవలాడుతుంది. భూమిలో భాస్వరం, పొటాష్, జింక్ ఎంతున్నాయో మాత్రం ఆ రంగు చెప్పదు. నత్రజని మోతాదు మించితే పైరు మెత్తబడి పడిపోతుంది, రసం పీల్చే సుడిదోమ పురుగు కూడా చేరుతుంది.

పరీక్ష చేయించినా మట్టి సరిగ్గా తీయకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఒక ఏడు ఎండ భరించలేక, గట్టు మీద వేపచెట్టు నీడలోనే రెండుచోట్ల తవ్వి పంపాను. రాలిన ఆకు, గొడ్ల పేడ కలిసిన చోటది. చేను సారంగా ఉందని కాగితం వచ్చింది. నత్రజని తగ్గించాను. నడిచేలో వరి పిలకలు పెట్టక పాలిపోయింది. ల్యాబ్ తప్పేమీ లేదు, నేను పంపింది చేలో మట్టే కాదు. ఇప్పటికీ ఆ ముక్క చూస్తే బాధగానే ఉంటుంది.

కాబట్టి గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు, కాలవ పక్కలు వదిలేయాలి. చేలో వంకరటింకరగా నడుస్తూ ఎకరాకు ఎనిమిది, పది చోట్ల పైన చెత్త తీసేసి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని అంచు నుంచి పైనుంచి కిందిదాకా మట్టి చెక్కాలి. అంతా కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసి పారేయాలి. అరకిలో మిగిలేదాకా అలాగే చేసి నీడలో ఆరబెట్టాలి. పల్లం ముక్క, మెరక ముక్క కలపకూడదు.

ఒక లెక్క చెప్తాను. ఎకరాలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. మనం పంపేది అరకిలో. అంటే 18 లక్షల పాళ్లలో ఒక్క పాలు! అది తప్పయితే ఎకరా అంతా తప్పే.

ఫలితం కాగితంలో నేను మొదట చూసేది సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ పేడా నుంచి మట్టిలో చేరే కర్బనం. 0.5 శాతం లోపుంటే భూమి చప్పబడిందని అర్థం. జీలుగో, పిల్లిపెసరో లాంటి పచ్చిరొట్ట పైరు చల్లి పూతకొచ్చాక కలియదున్నాలి. తర్వాత ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు. ఉప్పు పేరుకున్న పాలచౌడయితే మంచినీళ్లు పెట్టి ఉప్పు కడిగేయాలి, క్షారం ఎక్కువైన కారుచౌడయితే జిప్సం వేయాలి.

మన రాష్ట్రంలో ఎరువుకి వాడే లెక్క తేలిక. భూమిలో పోషకం తక్కువుంటే సిఫారసుకి 30 శాతం కలపాలి, ఎక్కువుంటే 30 శాతం తగ్గించాలి. వరికి ఎకరాకు 24 కిలోల భాస్వరం వేయమన్నారనుకోండి, అది 52 కిలోల డీఏపీ అనే భాస్వరం ఎరువులో ఉంటుంది. భూమిలో భాస్వరం ఎక్కువని తేలితే 37 కిలోలు చాలు. డబ్బు మిగలడం ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి డీఏపీ గుమ్మరిస్తే భాస్వరం పేరుకుని, జింక్‌ని పైరుకి అందనివ్వదు. నాట్లేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపిస్తాయే, అదే జింక్ లోపం. నాట్లకి ముందు నీళ్లు పెట్టి దున్నే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే సరి, డీఏపీతో మాత్రం కలపకూడదు.

కందుకూరు పెదతాత పొగాకు వేస్తాడు కదా, ఆయన కాగితంలో ముందు చూసేది క్లోరైడ్. అది ఎక్కువైతే ఆకు సరిగ్గా కాలదు. అందుకే మనం వేసే, క్లోరైడ్ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఆయన ముట్టడు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేస్తాడు.

ఈ ఏడు ఎడగారు పంట వేయడం లేదు, వేసవంతా చేను ఖాళీ. పల్లం ముక్కకి ఇంకా మట్టి తీయలేదు, మీకోసమే ఉంచాను. గుడ్డసంచులు అవ్వ కుడుతోంది. చీటీలు రాయడానికి పెన్సిల్ తెచ్చుకోండి, తడి తగిలితే ఇంకు చెరిగిపోతుంది.

మీ తాత