నెల్లూరు నుంచి తక్కువ ఖర్చుతో దీవులకు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు నుంచి కుర్రాళ్లను, అప్పుడప్పుడు కుటుంబాలను కూడా, తక్కువ ఖర్చులో దీవులకు తీసుకెళ్లడం నా పని. అండమాన్‌లో అందరూ వెళ్లే హావ్‌లాక్, నీల్ కాకుండా దిగ్లీపూర్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్ లాంటి చోట్లకు వెళ్తుంటాం. బండ్ల మీదైతే రామేశ్వరం వైపు. కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. అందరి నోటా దాదాపు ఒకే మాటలు. కొన్ని అపోహల వల్ల వెళ్లగలిగినవాళ్లు ఆగిపోతున్నారు. కొన్నింటి వల్ల వెళ్లినవాళ్లు ఇబ్బందుల్లో పడుతున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

అపోహ: దీవులంటే హనీమూన్ ప్యాకేజీలే. లక్ష లేనిదే కుదరదు.

వాస్తవం: ఖర్చు పెంచేది మన తొందరే. నాలుగు రోజుల్లో అన్నీ చూసి రావాలంటే ప్రైవేటు బోటు, టాక్సీ, రిసార్టు తప్పవు. అదే పది పన్నెండు రోజులు చేతిలో ఉంటే ప్రభుత్వ ఫెర్రీలు, ప్రభుత్వ బస్సులు, జెట్టీ దగ్గర మామూలు లాడ్జి, మెస్సులో చేపల భోజనంతో గడిచిపోతుంది. చేతిలో డబ్బు తక్కువుంటే రోజులు ఎక్కువ పెట్టుకోవాలి. మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

తిండి గురించి టెన్షన్ వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. అన్నం, పప్పు, చేపల పులుసు దొరుకుతాయి. కూరగాయల్లో చాలావరకు ఇటునుంచే షిప్పుల్లో వెళ్తాయి కాబట్టి శాకాహారం ఒక్కోసారి ప్రియం.

అపోహ: చెన్నైలో షిప్పు ఎక్కితే విమానం కంటే చాలా కలిసొస్తుంది.

వాస్తవం: బంక్ క్లాసులో వెళ్తే టికెట్ వరకూ నిజమే. కానీ చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) సముద్రం మీద సుమారు 1,200 కి.మీ. అరవై గంటలకు పైనే పడుతుంది. షిప్పులు రోజూ ఉండవు. చెన్నై నుంచి నెలలో కొన్నిసార్లే, విశాఖ నుంచి ఇంకా తక్కువ. తేదీ కూడా చాలా ముందుగా తెలియదు, తెలిసినా మారొచ్చు. ఆ తేదీ కోసం చెన్నైలో రెండు రోజులు లాడ్జిలో ఉంటే మిగిలిందంతా అక్కడే అయిపోతుంది. నెలన్నర, రెండు నెలల ముందు తీసుకున్న విమాన టికెట్‌కూ దీనికీ అప్పుడు పెద్ద తేడా ఉండదు.

అయినా ఒక్కసారైనా షిప్పులో వెళ్లమనే చెబుతాను. బంక్ క్లాసంటే పెద్ద హాలు, వరసగా ఒకదాని మీద ఒకటి పడకలు. ఊరికి వచ్చి తిరిగి వెళ్లే కుటుంబాలు ట్రంకుపెట్టెలు, బియ్యం మూటలు సర్దుకుని కూర్చుంటాయి. మొదటి రోజు చాలామందికి కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి ముందే తీసుకోండి, ఖాళీ కడుపుతో ఉండకండి, పడుకోలేకపోతే డెక్ మీదికొచ్చి దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడండి. రెండో రోజుకి ఒళ్లు అలవాటు పడుతుంది. నా సలహా మాత్రం ఒకటే: వెళ్లేటప్పుడు షిప్పు, వచ్చేటప్పుడు విమానం.

అపోహ: అక్కడున్న మా బావ చెప్పిన ఛార్జీయే మాకూ.

వాస్తవం: దీవుల్లో స్థిరపడినవాళ్లకు ఐలాండర్ కార్డు మీద రాయితీ ఛార్జీ ఉంటుంది. బయటివాళ్లకు వేరే రేటు. బడ్జెట్ ఆ రెండో రేటుతోనే వేసుకోండి.

అపోహ: అండమాన్‌కి పర్మిట్ కావాలి, లక్షద్వీప్‌కి అక్కర్లేదు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. పోర్ట్‌బ్లెయిర్, దిగ్లీపూర్, లిటిల్ అండమాన్‌లోని హట్‌బే లాంటి చోట్లకు భారతీయులకు గుర్తింపు కార్డు చాలు. నికోబార్‌కు, గిరిజన రిజర్వులకు అలా కుదరదు. లక్షద్వీప్‌కు మాత్రం మనకూ ముందస్తు పర్మిట్ ఉండాల్సిందే. అది చేతికి రాకుండా, లక్షద్వీప్‌కు బయల్దేరే కొచ్చికి టికెట్ తీసుకోవద్దు.

అపోహ: దీవుల్లో రోడ్ ట్రిప్ ఏముంటుంది?

వాస్తవం: పోర్ట్‌బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్ వరకు 300 కి.మీ. పైనే రోడ్డుంది. ప్రభుత్వ బస్సు తెల్లవారుజామునే బయల్దేరుతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ ఆగి, పోలీసు కాన్వాయ్‌గా జరావా అనే గిరిజన తెగ ఉండే అడవిలోకి వెళ్తాయి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సును పంటు మీదికి ఎక్కించి బారాటాంగ్ వైపు దాటిస్తారు. తర్వాత రంగత్, మాయాబందర్, చివర దిగ్లీపూర్. ఒక రోజంతా ప్రయాణమే, కానీ అండమాన్ అంటే ఏమిటో ఆ బస్సు కిటికీలోంచి తెలిసినట్టు ఏ రిసార్టులోనూ తెలియదు.

"జరావాలు కనిపిస్తారా అన్నా?" అని అడిగేవాళ్లకు బయల్దేరకముందే గట్టిగా చెబుతాను. వాళ్లు మనం చూడటానికి ఉన్న వింత కాదు. ఫోటో తీయడం, తినేవి ఇవ్వడం, బండి ఆపడం నేరం. అది వాళ్ల ఇల్లు, మనం అందులోంచి దాటి వెళ్తున్నాం, అంతే.

దిగ్లీపూర్ దగ్గర ఏరియల్ బే జెట్టీ నుంచి బోటులో రాస్, స్మిత్ దీవులకు వెళ్లొచ్చు. ఆటు సమయంలో రెండు దీవుల మధ్య తెల్లటి ఇసుక దారి తేలుతుంది. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో మనం నడుచుకుంటూ పోవచ్చు. పోటు వచ్చేసరికి ఆ దారి మునుగుతుంది. అందుకే బోటు మాట్లాడుకునే ముందు ఆటు ఎన్ని గంటలకో జెట్టీలో అడగండి. దగ్గర్లోని కాళీపూర్ తీరానికి సీజన్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన నెల్లూరు తీరానికి వచ్చేదీ ఆ జాతే.

సొంత బండి మీదే వెళ్లాలనుకుంటే రామేశ్వరం ఉంది. నెల్లూరు నుంచి 700 కి.మీ. పైచిలుకు, పాంబన్ రోడ్డు వంతెన మీదుగా నేరుగా దీవిలోకి. అక్కడి నుంచి 1964 డిసెంబరు తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోటి దాకా, దాన్ని దాటి అరిచల్‌మునై కొస దాకా రోడ్డుంది. సాయంత్రం తర్వాత వాహనాలను వదలరు కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

అపోహ: పిల్లల వేసవి సెలవులే సరైన సీజన్.

వాస్తవం: జనవరి నుంచి ఏప్రిల్ వరకు బాగుంటుంది. మే రెండో సగానికి అండమాన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి, మనకంటే ముందుగా. అక్టోబరు, నవంబరుల్లో మనల్ని వణికించే వాయుగుండాలు చాలా వరకు ఆ దీవుల చుట్టుపక్కలే పుడతాయి. ఇంకో విషయం: గడియారం ఒకటే అయినా అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 50 నిమిషాలు ముందు ఉదయిస్తాడు, అంతే ముందుగా అస్తమిస్తాడు. చలికాలంలో ఐదున్నరకల్లా చీకటి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి బయల్దేరేవాళ్లకు సగం రోజు పోయినట్టే.

అపోహ: ఫోన్‌పే ఉంటే చాలు.

వాస్తవం: 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక నెట్ చాలా మెరుగైంది. ఊళ్లు దాటితే ఇప్పటికీ నమ్మకం లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి.

అపోహ: మైపాడులో, కొత్తపట్నంలో ఈదినవాళ్లం, మాకు సముద్రం కొత్తా?

వాస్తవం: ఈ మాట అన్నవాళ్ల మీదే నేను ఎక్కువ కన్నేసి ఉంచుతాను. మన ఒడ్డునైనా, అక్కడైనా ప్రాణాలు తీసేది ఎక్కువగా వెనక్కి లాగే ప్రవాహమే. అలలు విరుగుతున్న ఒడ్డున ఒక్కచోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగొద్దు. విరిగిన అలల నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే కావచ్చు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, లాగుడు తగ్గాక బయటికి రండి. అండమాన్‌లో దీనికి తోడు ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. మడ అడవుల పక్కన, వాగు సముద్రంలో కలిసే చోట దిగకూడదు. హెచ్చరిక బోర్డు ఉంటే ఇక చర్చ వద్దు. పగడాలు కాళ్లకు కోసుకుంటాయి, వాటి మీద నిలబడితే అవీ చస్తాయి. పగడం ముక్కలు బ్యాగులో పెట్టుకురావడం నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

అపోహ: చివరి రోజు పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం. టైమింగ్ బాగా కుదిరింది.

వాస్తవం: గాలి పెరిగితే ఫెర్రీ రద్దు. హట్‌బే నుంచి పోర్ట్‌బ్లెయిర్ షిప్పు కూడా అంతే. విమానం పోతే చివరి నిమిషంలో కొనే టికెట్‌కు, ట్రిప్పు మొత్తం మీద మీరు మిగిల్చుకున్నది చాలదు. తిరుగు విమానానికి ముందు కనీసం ఒక పూర్తి రోజు, దూరపు దీవుల నుంచి వస్తుంటే రెండు రోజులు, పోర్ట్‌బ్లెయిర్‌లో ఖాళీగా ఉంచుకోండి. ఫెర్రీ వేళకు వస్తే ఆ రోజు సెల్యులార్ జైలు చూడండి. దాని సెలవు రోజులు ఏవో ముందే కనుక్కుని టికెట్లు వేయండి.