నూరేళ్ల ఆయుష్షు, అల్జీమర్స్: రెండు వెతుకులాటలు ఒకే జన్యువు దగ్గర కలిసిన కథ

2007లో జేమ్స్ వాట్సన్ చేతికి ఆయన జీనోం, అంటే ఆయన డీఎన్ఏ అక్షరాలన్నీ, వచ్చింది. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన ఆయన, తన జన్యు వివరాలన్నీ ఎవరైనా చూసుకునేలా బయట పెట్టేశారు. ఒక్క జన్యువు తప్ప. దాని పేరు అపోఈ. నాలో అది ఏ రకమో లోకానికి చెప్పవద్దు, నాకూ చెప్పవద్దు అని ఆయన కోరారు. రెండు తరాల ముందు వాళ్ల ఇంట్లో ఒక పెద్దావిడ అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుతో బాధపడ్డారు. అదే ఆయన భయం. ఆ ఒక్క జన్యువును చెరిపేసినా లాభం లేదని, దాని పక్కనున్న అక్షరాలను బట్టి అది ఏ రకమో పోల్చుకోవచ్చని తర్వాత కొందరు పరిశోధకులు గుర్తించారు. దాంతో ఆ చుట్టుపక్కల పెద్ద భాగాన్నే తీసేయాల్సి వచ్చింది.

జన్యుశాస్త్రం గురించి అంత తెలిసిన మనిషే కళ్లు మూసుకోవాలనుకున్న ఆ జన్యువుకు మొదట్లో మెదడుతో ఏ సంబంధమూ ఉందనుకోలేదు. దాన్ని పట్టుకున్నది రక్తంలో కొవ్వు మీద పనిచేసేవాళ్లు.

1970ల మొదట్లో, రక్తంలో కొవ్వును మోసుకెళ్లే రేణువుల్లో అపోలిపోప్రొటీన్ ఈ, పొట్టిగా అపోఈ, అనే ప్రొటీన్ కనబడింది. మన శరీరంలో కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు కాబట్టి దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడానికి కూలీలు కావాలి. అలాంటి కూలీల్లో ఇదొకటి. 299 అమైనో ఆమ్లాల గొలుసు. అందరిలో అది ఒకేలా ఉండదని, మూడు రకాలుగా కనిపిస్తుందని ఆ దశాబ్దంలోనే బయటపడింది. 1980ల మొదట్లో తేడా ఎక్కడుందో కూడా తేలింది. గొలుసులో 112, 158 స్థానాల్లో ఉన్న అమైనో ఆమ్లం సిస్టీనా, ఆర్జినినా అన్నదే తేడా. రెండు చోట్లా సిస్టీన్ ఉంటే ఈ-2, రెండు చోట్లా ఆర్జినిన్ ఉంటే ఈ-4, 112లో సిస్టీన్, 158లో ఆర్జినిన్ ఉంటే ఈ-3. ఎక్కువమందిలో ఉండేది ఈ-3. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఒక్కొక్కరిలో రెండేసి ప్రతులు ఉంటాయి. ఈ-4 ఉన్నవారిలో చెడు కొలెస్ట్రాల్ సగటున కాస్త ఎక్కువని, గుండెజబ్బు ముప్పు కొంత పెరుగుతుందని అప్పటికే తెలుసు. కథ అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ జన్యువు పేరు గుండె డాక్టర్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

మతిమరుపు జబ్బు చరిత్ర వేరే దారిలో నడిచింది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మానసిక చికిత్సాలయంలో ఆగస్ట్ డెటర్ అనే యాభై ఒక్క ఏళ్ల మహిళను అలోయిస్ అల్జీమర్ పరీక్షించారు. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద చూసి, అందులో పేరుకున్న మచ్చలను, నరకణాల్లోని చిక్కుముడులను వర్ణించారు. ఆ మచ్చల్లో ఉన్నది ఏమిటో తెలియడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. 1984లో జార్జ్ గ్లెన్నర్, కైన్ వాంగ్ ఆ పదార్థాన్ని వేరుచేశారు. అదే అమిలాయిడ్ బీటా. దాన్ని తయారుచేసే ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉందని 1987లో తేలింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఆ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉంటుంది. వాళ్లకు నలభైల వయసుకే మెదడులో ఇవే మచ్చలు ఎందుకు వస్తాయో దీనితో అర్థమైంది. 1991లో ఒక బ్రిటిష్ కుటుంబంలో ఏపీపీ జన్యువులోనే తప్పు దొరికింది. 1995లో, తప్పు ఉంటే చిన్న వయసులోనే ఈ జబ్బు తెచ్చే ప్రీసెనిలిన్ జన్యువులు రెండూ బయటపడ్డాయి.

ఇవి చాలా పెద్ద విజయాలు. కానీ ఈ మూడు జన్యువుల్లో తప్పు ఉండి చిన్న వయసులో జబ్బు వచ్చే కుటుంబాలు చాలా అరుదు. మొత్తం అల్జీమర్స్ రోగుల్లో వాళ్లు ఒక్క శాతం లోపే. డెబ్భై, ఎనభై ఏళ్లకు వచ్చే మామూలు మతిమరుపు సంగతి ఏమిటి? దాని వెనక పడినవాళ్లలో ముఖ్యులు డ్యూక్ విశ్వవిద్యాలయంలోని అలెన్ రోజెస్ బృందం. పెద్ద వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలను గాలించి, 19వ క్రోమోజోమ్ మీద ఏదో ఉందని 1991లో వాళ్లు చెబితే పెద్దగా ఎవరూ నమ్మలేదు. అదే ప్రయోగశాలలో వారెన్ స్ట్రిట్‌మాటర్ అమిలాయిడ్‌కు అతుక్కునే ప్రొటీన్లు ఏమున్నాయా అని వెతుకుతుంటే అపోఈ కనబడింది. దాని జన్యువు ఉన్నదీ 19వ క్రోమోజోమ్ మీదే. రెండు ముక్కలూ ఒకదానికొకటి సరిపోయాయి.

1993 ఆగస్టులో వచ్చిన పరిశోధన పత్రంలో లెక్కలు ఇవి. 42 కుటుంబాల్లో, ఈ-4 ఒక్కటీ లేనివారికి సగటున 84 ఏళ్లకు జబ్బు మొదలైతే, రెండు ప్రతులున్నవారికి 68 ఏళ్లకే మొదలైంది. జబ్బు బారిన పడే అవకాశం 20 శాతం నుంచి 90 శాతానికి పెరిగింది. ఇవి మతిమరుపు ఎక్కువగా ఉన్న కుటుంబాలనే ఏరి చూసిన లెక్కలు. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఆ 90 అనే అంకె ఇప్పటికీ జనాన్ని భయపెడుతూనే ఉంది. మామూలు జనాభాను తీసుకుని 2011లో వేసిన అంచనా ప్రకారం, రెండు ఈ-4లు ఉన్నవారికి 85 ఏళ్లలోపు అల్జీమర్స్ వచ్చే అవకాశం పురుషుల్లో 51 శాతం, స్త్రీలలో 60 శాతం. ఒకటే ఉంటే 23, 30 శాతం. తక్కువేమీ కాదు, నిజమే. కానీ తొంభైకి, యాభై అరవైకి మధ్య ఒక మనిషి బతుకంత తేడా ఉంది. 1994లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. ఈ-2 ఉన్నవారికి జబ్బు ముప్పు తగ్గుతుంది.

సరిగ్గా ఆ ఏడాదే, మతిమరుపుతో ఏ సంబంధం లేకుండా, ఫ్రాన్స్‌లో కొందరు నూరేళ్లు నిండినవారి రక్తాన్ని సేకరించి చూశారు. ఎక్కువకాలం బతికించే జన్యువు ఏదైనా ఉందా అన్నది వాళ్ల ప్రశ్న. మూడు వందలకు పైగా శతాయుష్కులను మామూలు వయసువారితో పోల్చితే తేడా కనిపించిన జన్యువుల్లో అపోఈ ఒకటి. నూరేళ్లవారిలో ఈ-4 దాదాపు సగానికి తగ్గిపోయింది, ఈ-2 పెరిగింది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి కీలకం ఇక్కడుంది. నూరేళ్లవారిలో ఈ-4 తక్కువగా ఎందుకుంది? అది ఉన్నవారిలో చాలామంది గుండెజబ్బుతోనో మతిమరుపుతోనో ముందే వెళ్లిపోయారు. మిగిలినవారిని లెక్కపెడితే అది తక్కువగా కనబడింది. అంటే ఆయుష్షు పోసే జన్యువును వెతకబోతే ఆయుష్షు తగ్గించే జన్యువు దొరికింది. 2019లో అనేక దేశాల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు కూడా దీర్ఘాయువుతో గట్టిగా ముడిపడి కనబడింది ప్రధానంగా అపోఈ జన్యువే.

మిగతా ప్రయత్నాలు లేకపోలేదు. 1993లో సింథియా కెన్యన్ ఒక సూక్ష్మ పురుగులో ఒకే జన్యువును మార్చి దాని ఆయుష్షును రెండింతలు చేశారు. ఆ మార్పు పనిచేయడానికి అవసరమైన ఇంకో జన్యువు మనుషుల్లో ఫాక్సో-3గా ఉంది. హవాయిలో స్థిరపడిన జపనీస్ సంతతి పురుషుల్లో 95 ఏళ్లు దాటినవారిలో దాని ఒక రకం ఎక్కువగా ఉందని 2008లో తేలింది. ఇతర జనాభాల్లోనూ కనిపించింది కానీ ప్రభావం చిన్నదే. 2010లో 150 జన్యు గుర్తులతో ఎవరు నూరేళ్లు బతుకుతారో చెప్పేయవచ్చని ఒక పత్రం పెద్ద సంచలనం చేసింది. పరీక్ష పద్ధతిలో లోపాలు బయటపడటంతో మరుసటి ఏడాది రచయితలే దాన్ని ఉపసంహరించుకున్నారు. అసలు ఆయుష్షులో వారసత్వం వాటా ఎంత? 1996లో డెన్మార్క్ కవలల అధ్యయనం సుమారు పాతిక శాతం అంది. 2018లో 40 కోట్లకు పైగా మనుషుల వంశవృక్షాలను చూసినవారు పది శాతం లోపే అన్నారు. భార్యాభర్తలు తమలాంటివారినే ఎంచుకోవడం వల్ల పాత లెక్కలు పెరిగి కనిపించాయని వాళ్ల వివరణ.

ఇంతకీ ఈ-4 మెదడులో చేసే చెడు ఏమిటి? మెదడులో ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు అపోఈని తయారుచేసి, దాని మీద కొవ్వును ఎక్కించి నరకణాలకు పంపుతాయి. ఈ-4 ఆ కొవ్వును సరిగ్గా మోయలేదు. అమిలాయిడ్‌ను ఊడ్చేయడంలోనూ ఈ-2, ఈ-3ల కన్నా వెనకబడుతుంది. చెత్త చేరేది మిగతావారిలో లాగే చేరుతుంది, బయటికి పోయేది తగ్గుతుంది. అందుకే మచ్చలు కొన్నేళ్లు ముందుగా మొదలవుతాయి.

అయితే మనిషి జాతికి పాతది ఈ-4 రకమే. ఈ-3, ఈ-2 తర్వాత పుట్టాయి. ఇంత నష్టం చేసేది ఇన్ని తరాలు ఎలా నిలిచింది? జబ్బు వచ్చేది పిల్లలు పుట్టి పెరిగిన తర్వాతే కాబట్టి ప్రకృతి వరణానికి అది పెద్దగా కనబడదు అన్నది ఒక జవాబు. అంతకంటే ఆలోచింపజేసే జవాబు బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల దగ్గర దొరికింది. పరాన్నజీవుల బెడద ఎక్కువగా ఉన్నవారిలో, ఈ-4 ఉన్న పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గకపోగా మెరుగ్గా ఉన్నాయని 2017లో ఒక అధ్యయనం చూపింది. అలాగే నైజీరియాలోని ఇబాదన్‌లో యొరుబా ప్రజల్లో ఈ-4 మామూలుగానే ఉంటుంది. కానీ అక్కడి తొలి అధ్యయనాల్లో దానికీ అల్జీమర్స్‌కూ ముడి దొరకలేదు. తర్వాత ఎక్కువమందిని చూసినప్పుడు దొరికింది కానీ, యూరప్ సంతతివారిలో ఉన్నంత బలంగా లేదు. జపాన్‌వారిలో అంతకన్నా బలంగా కనిపించింది. అక్షరం ఒకటే, అది పడిన ఒళ్లు వేరు, బతుకు వేరు. పరీక్ష నివేదికలో కనిపించే శాతాలు ఎక్కువగా యూరప్ సంతతి జనాభా నుంచి వచ్చినవే. మిగతావారికి అవే శాతాలను అంటగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ జన్యువు గురించి అన్నిటికన్నా అబ్బురపరిచే సంగతి కొలంబియాలోని ఆంటియోకియా నుంచి వచ్చింది. అక్కడ ఒక పెద్ద వంశంలో ప్రీసెనిలిన్-1 తప్పు తరతరాలుగా వస్తోంది. అది ఉన్నవారికి నలభైల నడిమి వయసులోనే మతి తప్పడం మొదలవుతుంది. ఫ్రాన్సిస్కో లోపెరా అనే న్యూరాలజిస్టు దశాబ్దాల పాటు వాళ్ల ఇళ్లకు తిరిగి, కుటుంబవృక్షాలు గీసి, ఆ వంశాన్ని వెంటాడిన జబ్బును లోకానికి చూపించారు. ఆ వంశంలో ఒక మహిళకు ఆ తప్పు ఉంది, అయినా డెబ్భై దాటేదాకా జ్ఞాపకాలు చెక్కుచెదరలేదు. 2019లో కారణం ప్రచురించారు. ఆమెలోని అపోఈ జన్యువు రెండు ప్రతుల్లోనూ క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు ఉంది. మెదడు నిండా అమిలాయిడ్ పేరుకుంది కానీ, నరకణాలను చంపే, టౌ అనే ప్రొటీన్ చిక్కుముడులు తక్కువగా ఉన్నాయి. ఆ మార్పు ఒకే ప్రతిలో ఉన్న 27 మంది బంధువుల్లో జబ్బు సుమారు ఐదేళ్లు ఆలస్యమైందని 2024లో తేలింది. ముప్పు తెచ్చే జన్యువులోనే రక్షణ కూడా ఉందన్నమాట. ఇప్పుడు ఆ రక్షణను మందుగా అనుకరించడానికి ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. లోపెరా 2024 సెప్టెంబరులో కన్నుమూశారు.

తెలుసుకోవాలా వద్దా అన్న వాట్సన్ ప్రశ్న మీద కూడా పరిశోధన జరిగింది. అల్జీమర్స్ రోగుల పిల్లలకు వాళ్ల అపోఈ రకం చెబితే ఏమవుతుందో రాబర్ట్ గ్రీన్ బృందం పరిశీలించి 2009లో ఫలితాలు ఇచ్చింది. ముందూ వెనకా కౌన్సెలింగ్ ఇచ్చి చెబితే చాలామంది పెద్ద టెన్షన్ పడకుండా తట్టుకున్నారు. 2017 నుంచి అమెరికాలో లాలాజలం పంపితే చాలు, డాక్టరు లేకుండానే ఈ ఫలితం తెలుసుకునే అనుమతి వచ్చింది. కౌన్సెలింగ్‌తో వచ్చిన ధైర్యం, ఫోన్ తెర మీద ఒంటరిగా చదువుకునేవారికి కూడా వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు.

2023లో లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందుకు అమెరికాలో పూర్తి అనుమతి వచ్చాక పరీక్ష అవసరం ఇంకో రకంగా మొదలైంది. ఆ మందు అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. కానీ కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి. రెండు ఈ-4లు ఉన్నవారికి ఆ ప్రమాదం అందరికన్నా ఎక్కువ. అందుకే మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష గురించి రోగితో మాట్లాడాలని అమెరికాలో ఆ మందుకు జతచేసిన హెచ్చరిక చెబుతోంది. బ్రిటన్‌లో 2024లో ఇచ్చిన అనుమతి రెండు ప్రతులున్నవారికి వర్తించదు. జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికే మందు అందడం కష్టమైంది.

ఆ పరీక్ష చేయించుకునేది రోగి అయినా, ఫలితం రోగి దగ్గరే ఆగదు. ఒక తల్లికి రెండు ఈ-4లు ఉన్నాయని తేలితే, ఆమె పిల్లలందరికీ కనీసం ఒకటి ఉన్నట్టే. వాళ్లలో ఎవరైనా వాట్సన్‌లా తెలుసుకోవద్దని అనుకుని ఉన్నా, ఆమె నివేదిక విప్పిన క్షణాన వాళ్లదీ సగం విప్పినట్టే. అందుకే ఆమె రక్తం తీయకముందే పిల్లలను కూడా పిలిచి, నివేదికను ఎవరి ముందు చదవాలో, ఎవరు బయట ఉంటామంటారో అడిగి రాసుకోవాలి.