ఉప్పు 9 గ్రాములు చాలు, గ్లూకోజ్ 50 ఎందుకు?

ఆసుపత్రిలో స్టాండుకు వేలాడే సీసాల్లో రెండు రకాలు మనకు బాగా తెలుసు. సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. 5 శాతం గ్లూకోజ్ సీసాలో లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్. బరువులో ఇంత తేడా ఉన్నా ఎర్ర రక్తకణాలు రెండింటిలోనూ ఉబ్బి పగిలిపోవు, ముడుచుకుపోవు.

కణం పొర గుండా నీరు లోపలికి వెళ్లాలా, బయటికి రావాలా అన్నది తేల్చేది ద్రవాభిసరణ పీడనం. అది తలలు లెక్కపెడుతుంది. నీటిలో కరిగిన అణువులు, అయాన్ల వంటి కణాలు ఎన్ని తిరుగుతున్నాయన్నదే దానికి ముఖ్యం, అవి ఉప్పువైనా చక్కెరవైనా ఒకటే. ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గడం, మరిగే ఉష్ణోగ్రత పెరగడం కూడా అంతే. వీటినే కణాధార ధర్మాలంటారు.

లెక్క వేసి చూద్దాం. మోల్ అంటే కణాలను గుంపుగా లెక్కించే కొలమానం, డజను లాంటిది. 50 గ్రాముల గ్లూకోజ్ సుమారు 0.28 మోల్. 9 గ్రాముల ఉప్పు 0.154 మోల్, అంటే దాదాపు సగమే. కానీ నీటిలో ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడిపోతుంది. ఒకటి రెండై కణాల లెక్క 0.308 మోల్ అవుతుంది. గ్లూకోజ్ అణువు విడిపోదు. నిజంగా కొలిస్తే సెలైన్ విలువ 0.308 రాదు, 0.29 దగ్గర ఆగుతుంది. ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి లాగుతుంటాయి కాబట్టి వాటికి పూర్తి స్వేచ్ఛ ఉండదు. మన రక్తం విలువ కూడా దాదాపు అంతే! ఎప్పుడు తలచుకున్నా నాకు ఇది ఆశ్చర్యమే.

ఒకప్పుడు ఇది పెద్ద చిక్కు. డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ద్రావణాలకు రాసిన సూత్రం చక్కెరకు సరిపోయింది, ఉప్పులకు కుదరలేదు. అందుకని ఆయన ‘ఐ’ అనే గుణకాన్ని కలిపాడు. దాని అర్థం 1887లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ చెప్పాడు: కరిగిన ఉప్పు అయాన్లుగా విడిపోయి ఉంటుందని. అంతకు మూడేళ్ల ముందు ఉప్సలా విశ్వవిద్యాలయం ఇదే దారిలో ఆయన రాసిన పరిశోధన గ్రంథానికి చాలా తక్కువ గ్రేడ్ ఇచ్చింది. రసాయన శాస్త్రంలో తొలి నోబెల్ 1901లో వాంట్ హాఫ్‌కు, 1903 నోబెల్ అర్హీనియస్‌కు వచ్చాయి.

విడిపోయేవే కాదు, జతకట్టేవీ ఉన్నాయి. వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం అణుభారం 60. దాన్ని బెంజీన్‌లో కరిగించి, గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో చూసి అణుభారం లెక్కగడితే 120కి దగ్గరగా వస్తుంది. రెండేసి అణువులు హైడ్రోజన్ బంధాలతో పెనవేసుకుని ఒక్క కణంలా తిరుగుతాయి, తలల సంఖ్య సగమవుతుంది. ఇదే ఆమ్లాన్ని నీటిలో వేస్తే నీటి అణువులే దానితో హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటాయి. ఆ జంటలు చెదిరిపోతాయి, నూటికి ఒకటో రెండో అణువులు అయాన్లుగా కూడా విడిపోతాయి.