ఆ పాత స్పీకర్‌ఫోన్ పారేయొద్దు

చిన్నోడికీ బుజ్జమ్మకీ, కావలి నుంచి తాతయ్య రాసేది.

మీ నాన్న ఆఫీసు నుంచి తెచ్చిన ఆ గుండ్రటి స్పీకర్‌ఫోన్, అదే మైకూ స్పీకరూ ఒకదాన్లోనే ఉన్నది, కొత్త ల్యాప్‌టాప్‌లో పలకడం లేదని, ఒంగోలులో షాపతను "విండోస్ 11కి ఇది రాదు, కొత్తది తీసుకోండి" అన్నాడని చెప్పారు కదా. అప్పుడే డబ్బులు పెట్టబాకండి.

యూఎస్‌బీ వైరులో శబ్దం ఎలా పోవాలో, ఎలా రావాలో 1998లోనే ఒక ఉమ్మడి పద్ధతి రాసిపెట్టారు, యూఎస్‌బీ ఆడియో క్లాస్ అంటారు దాన్ని. ఆ పద్ధతిలో చేసిన వస్తువు గుచ్చగానే తనలో మైకుందనీ స్పీకరుందనీ తనే కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. దానికి కావలసిన డ్రైవర్, అంటే ఆ వస్తువుతో కంప్యూటర్ మాట్లాడేందుకు వాడే చిన్న సాఫ్ట్‌వేర్, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది. అందుకని డబ్బాలో వచ్చిన సీడీతో చాలాసార్లు పనే ఉండదు, ఒక్కోసారి ఆ సీడీయే అడ్డం. విండోస్ 11 వచ్చిందే 64 బిట్లలో, పాత 32 బిట్ల విండోస్‌కి రాసిన డ్రైవర్‌ని అది ఎక్కించుకోదు. ఎవరైనా సీడీ వేసి ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి, డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కున్న వస్తువులన్నీ చూపించే విండోస్ జాబితా అది) కూడా స్పీకర్‌ఫోన్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి, వైరు పీకి మళ్లీ గుచ్చండి.

గుచ్చేటప్పుడు నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. మౌసు, పెన్‌డ్రైవ్ అన్నీ వేలాడే హబ్బులో పెడితే కరెంటు చాలక లైటు వెలిగి ఆరుతుంటుంది. వైరు మెడ దగ్గర రబ్బరు చిట్లిందేమో కూడా చూడండి, పాతవాటికి ముందు పోయేది అక్కడే.

అవతలివాళ్ల మాట మీకు వినబడి, మీ మాట వాళ్లకి పోకపోతే మైకు చెడిందనుకోకండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి పోయి, మైక్రోఫోన్ అన్నచోట కిందిదాకా దిగితే డెస్క్‌టాప్ యాప్‌లకి వేరే స్విచ్ ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉండాలి. విండోస్ 7 లాంటి పాతవాటిలో ఈ కాపలా లేదు, అందుకే చాలామందికి అటువైపు చూడాలనే తోచదు.

ఇక అసలు సంగతి. ఈ స్పీకర్‌ఫోన్‌లో స్పీకరు, మైకు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి స్పీకరులో వచ్చిన మాట మళ్లీ మైకులోకి దూరుతుంది. లోపలున్న చిప్పుకి తను ఏం వినిపిస్తోందో తెలుసు, ఆ శబ్దాన్ని మైకులోంచి తీసేసి మీ మాట మాత్రమే పంపుతుంది. మీరు మైకుగా దీన్ని పెట్టి, స్పీకరుగా ల్యాప్‌టాప్‌దే ఉంచారనుకోండి, ఆ చిప్పుకి ఏం తీసేయాలో తెలియదు, నెల్లూరులో మీ అమ్మమ్మకి తన మాటే తనకి తిరిగి వినబడుతుంది. "ఎవర్రా నన్ను వెక్కిరించేది" అంటుంది ఆవిడ! అందుకని రెండూ దీన్నే పెట్టండి. విండోస్‌లో పెట్టినంత మాత్రాన చాలదు, జూమ్‌లో దాని సెట్టింగ్ దానిదే, అక్కడా పెట్టాలి.

కాల్ ఎత్తే బటన్ పనిచేయకపోతే వదిలేయండి, అది శబ్దంతో సంబంధం లేకుండా వేరే దారిలో పోతుంది, కొన్ని యాప్‌లే దాన్ని పట్టించుకుంటాయి.

ఇంతా చేసి పలక్కపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉందేమో చూసి, దాని మీద డబుల్ క్లిక్ కొట్టండి, ఒక కోడ్ వస్తుంది. 28 అంటే డ్రైవర్ ఎక్కలేదని, 10 అంటే వస్తువు మొదలవడం లేదని. ఆ నంబరు నాకు వాట్సాప్‌లో పెట్టండి, ఫోటో అయితే మరీ మంచిది.