మిర్చి తోటకు వైరస్ మందు: అపోహలు, వాస్తవాలు

నాట్లు అయిపోయి అక్టోబరు వచ్చిందంటే నర్సంపేట, పర్కాల, నెక్కొండ వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "సారూ, తోటకు వైరస్ తగిలింది, ఏం మందు కొట్టాలె?" అది నిజంగా వైరస్సేనా అని అడిగేవాళ్లు తక్కువ. మందు పేరు అడిగేవాళ్లే అందరూ.

అపోహ: వైరస్‌కు మందు ఉంది, మంచి కంపెనీది దొరకాలంతే.

లేదు. బొబ్బర, అంటే తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ తెగులు, తగిలిన మిరప మొక్కను మళ్లీ మంచి మొక్కగా చేసే మందు ఏ దుకాణంలోనూ లేదు. ఎవరైనా ఉందంటే నమ్మకండి. శిలీంద్రం ఆకు మీద తన బతుకు తాను బతుకుతుంది, కాబట్టి దాన్ని చంపే మందు ఉంటుంది. వైరస్‌కు సొంత బతుకంటూ లేదు. మొక్క కణంలోకి దూరి, ఆ కణంతోనే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. కణాన్ని వదిలేసి వైరస్‌ను మాత్రమే చంపే పిచికారీ మన చేతిలో లేదు. కొందరు స్ట్రెప్టోసైక్లిన్ కొట్టమంటున్నారు. అది బ్యాక్టీరియాకు పనిచేసే మందు, దీని మీద దండగ.

మరి "నేను కొట్టిన, తోట తేరుకుంది" అనే రైతు అబద్ధం చెబుతున్నాడా? కాదు. అతని తోటకు వచ్చింది వైరస్ కాదు. ముడతలన్నీ ఒకటి కావు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటాయి, అది పైముడత. నల్లి, అంటే ఆకు అడుగున ఉండి రసం పీల్చే కంటికి ఆనని సన్న పురుగు, పడితే అదే దోనె తిరగేసినట్టు ఆకు కిందికి వాలుతుంది, కాడ సాగుతుంది, అది కిందిముడత. ఈ రెండూ పురుగు పోతే తగ్గుతాయి, కొత్త చిగురు సాఫుగా వస్తుంది. బొబ్బరలో ఆకులు చిన్నవై, ఈనెలు పసుపు తేలి, కణుపులు దగ్గరై మొక్క గుబురుగా గిడసబారిపోతుంది. మొదట్లో అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది. ఆ మొక్కకు ఏం కొట్టినా వచ్చే చిగురు కూడా ముడుచుకునే వస్తుంది.

పోయిన సీజన్‌లో నెక్కొండ దగ్గరి కౌలు రైతు ఒకాయన ప్లాస్టిక్ కవర్లో రెండు కొమ్మలు, ఇంకో సంచిలో నాలుగు డబ్బాలు పట్టుకొచ్చాడు. నాలుగూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాడట. ఆకు తిరగేసి భూతద్దం పెట్టి చూస్తే అడుగున నల్లులు కదులుతున్నాయి. "కాకా, ఇది వైరస్ కాదు, నల్లి" అని భూతద్దం ఆయన చేతికే ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "మరి దుకాణపాయన వైరస్సే అన్నడు గద బిడ్డా" అన్నాడు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి ఆకు అడుగు తడిచేలా కొట్టమన్నాను. ఆ నాలుగు డబ్బాల్లో రెండింటి మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, లోపల ఏ మందు ఉందో రాసి లేదు, విషం తీవ్రత చెప్పే రంగు గుర్తు కూడా లేదు. పురుగుమందుల చట్టం వచ్చింది 1968లో. ఇన్నేళ్లకూ రైతు చేతికి ఇలాంటి డబ్బాలే వస్తుంటే కడుపు మండుతుంది. ఆయన బిల్లు ఎందుకు అడగలేదో నాకు తెలుసు. మందు ఉద్దెరకు తెచ్చాడు. పంట అమ్మేదాకా బాకీ ఉన్నవాడు షావుకారును ఎదురు ప్రశ్న వేయలేడు.

నిజంగా బొబ్బరే అయితే చేయాల్సింది దాన్ని మోసే తెల్లదోమ మీద. అది కూడా తెగులు కనిపించాక కాదు, నారుమడి నుంచే. నారు మీద సన్నకన్ను నైలాన్ వల కప్పండి. తోట చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో వేయండి. పసుపు జిగురు అట్టలు మొక్క ఎత్తులో పెట్టి, ఎన్ని దోమలు పడుతున్నాయో వారానికోసారి చూడండి. గట్ల మీది కలుపు తీసేయండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు మాటిమాటికీ కొట్టకండి. దోమను తినే మిత్రపురుగులు చచ్చి, దోమ ఇంకా పెరుగుతుంది.

అపోహ: పీకేస్తే నష్టం, ఉంచితే నాలుగు కాయలన్నా కాస్తుంది.

నాటిన మొదటి నెలా నెలన్నరలో తగిలిన మొక్క కాయదు. పైగా పక్క మొక్కలకు అక్కడి నుంచే పోతుంది. పెంచిన చేత్తో పీకాలంటే మనసు రాదు, నేనెరుగుదును. అయినా పీకి, కాల్చండి లేదా పాతిపెట్టండి. గట్టు మీద పారేస్తే పీకిన ఫలితం ఉండదు. కాపు మీదున్న తోటకు ఆలస్యంగా తగిలితే మాత్రం అంత భయం లేదు, దోమను చూసుకుంటూ కాయ తీసుకోవచ్చు.

అపోహ: విత్తనమే నకిలీది.

అన్నిసార్లూ కాదు. బొబ్బర తోటలోకి వచ్చేది ప్రధానంగా తెల్లదోమతోనే. ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు తెచ్చే మొజాయిక్ రకం వైరస్‌లు కొన్ని విత్తనం పైన ఉంటాయి. వాటికి ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ 150 గ్రాములు లీటరు నీటిలో కలిపి, కిలో విత్తనాన్ని 20 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

అపోహ: ఆ కాయ తింటే మనుషులకు వైరస్ వస్తుంది.

రాదు. మొక్కల వైరస్‌లు మనుషులకు జబ్బు చేయవు. కరోనా తర్వాత ఈ భయం ఎక్కువైంది. మిర్చి ఏరే కైకిలికి రామన్న ఆడవాళ్లు కూడా ఉన్నారు. పసిపిల్ల తల్లి ఒకామె "పాలిచ్చేదాన్ని, ఏరొచ్చా సారూ" అని అడిగింది. వైరస్ గురించి భయపడకమ్మా, నిన్న మొన్న మందు కొట్టిన తోటలోకి మాత్రం పోకు అని చెప్పాను.

అపోహ: బీడీకి, తోటకు ఏం సంబంధం?

ఉంది. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో కూడా చావదు, చేతులతో మిరపకు అంటుకుంటుంది. అసలు వైరస్ అనేదాన్ని 1890లలో శాస్త్రవేత్తలు కనిపెట్టింది కూడా ఈ పొగాకు తెగులును పరీక్షిస్తూనే. నారు పీకే ముందు సబ్బుతో చేతులు కడగండి.

 

మొక్క చూపించడానికి వచ్చేటప్పుడు ఒక్క ఆకు తేకండి. వేరుతో సహా రెండు మొక్కలు, ఒకటి బాగున్నది, ఒకటి ముడుచుకున్నది, పాత పేపర్లో చుట్టి తెండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఉడికిపోతాయి. ఇప్పటిదాకా కొట్టిన మందుల డబ్బాలు, ఖాళీవైనా సరే, వెంట పట్టుకు రండి.