స్నేప్ ఎవరి మనిషి? అపోహలు, వాస్తవాలు

పదహారేళ్లుగా ఒక పాఠశాల గ్రంథాలయంలో పిల్లల చేత పుస్తకాలు చదివిస్తున్నాను. హ్యారీ పోటర్ ఏడు భాగాలూ ముగించిన ప్రతి జట్టూ, హ్యారీ చదివే మాయల బడిలో మందుల తయారీ పాఠం చెప్పే స్నేప్ దగ్గరకు వచ్చి ఆగుతుంది. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అందరూ వెళ్లేదాకా ఉండి, "టీచర్, చివరికి అంతా తెలిశాక కూడా నాకు స్నేప్ నచ్చలేదు. నాకు కథ అర్థం కాలేదంటున్నారు. నిజమేనా?" అని అడిగింది. గొంతులో ఏడుపు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్నేప్ ఆ బడి హెడ్మాస్టరు డంబుల్‌డోర్ పక్షమే అని తేలింది, కాబట్టి మంచివాడు.

కాదు. ఎవరి పక్షం అనేది ఒక ప్రశ్న, ఎలాంటి మనిషి అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి ఏడో పుస్తకం 33వ అధ్యాయం జవాబు చెప్పేసింది. రెండోదానికి జవాబు ఏడు పుస్తకాల నిండా ఉంది. దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్‌ను ఓడించగల బిడ్డ పుడతాడన్న జోస్యాన్ని విని అతనికి చేరవేసింది స్నేపే. దానివల్ల తాను ప్రేమించిన లిలీ, అంటే హ్యారీ తల్లి, ప్రాణం మీదకు వచ్చిందని తెలిశాక ఆమెను మాత్రమే వదిలెయ్యమని వేడుకున్నాడు. భర్త, పసిబిడ్డ ఏమైనా ఫరవాలేదా అని డంబుల్‌డోరే అసహ్యించుకున్నాడు. ఆ తరువాత స్నేప్ డంబుల్‌డోర్ తరఫున ఏళ్ల తరబడి ప్రాణాలకు తెగించి గూఢచర్యం చేశాడు. కాపాడలేకపోయినవారి చావులు మాత్రమే చూస్తున్నానని చెప్పే స్థితికి ఎదిగాడు. అదీ నిజమే.

మరి హ్యారీ తోటి విద్యార్థి నెవిల్ సంగతి? వాడి తల్లిదండ్రులను వోల్డెమార్ట్ అనుచరులు మతి పోయేదాకా హింసించారు. అలాంటి పిల్లవాడికి పదమూడేళ్ల వయసులో అన్నిటికన్నా ఎక్కువ భయం ఎవరంటే, పాఠం చెప్పే స్నేప్. వాడు పెంచుకుంటున్న కప్పకు వాడు కాచిన మందే తాగిస్తానని, అది తప్పుగా తయారైతే కప్ప చస్తుందని తరగతిలో బెదిరించాడు. తరగతిలోని హెర్మయొనీ సాయంతో మందు సరిగ్గా కుదిరితే, సాయం చేసినందుకు అయిదు మార్కులు కోశాడు. ఇది ఏ గూఢచర్యానికి అవసరం?

మా బడిలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. నిజాయతీపరుడు, ఎవరి దగ్గరా ట్యూషన్ డబ్బు ముట్టలేదు. ఆయన అడుగుల చప్పుడు వింటే నా చేతిలో సుద్దముక్క వణికేది. పెద్దయ్యాక ఆయన మంచితనం గురించి ఎన్నో విన్నాను, నమ్మాను కూడా. అయినా ఆ వణుకు అబద్ధం కాలేదు. స్నేప్‌ను క్షమించలేని పిల్లలకు కథ అర్థమైంది. బహుశా మిగతావారికన్నా బాగా అర్థమైంది.

చర్చలో ఎవరో ఒకరు కర్ణుణ్ణి తెస్తారు. తేవలసిందే. కర్ణుడు ఎవరి పక్షమో ఎవరికీ అనుమానం లేదు, వాదనంతా అతని గుణం మీదే. కవచకుండలాలు కోసి ఇచ్చిన చెయ్యీ, సభలో ద్రౌపదిని అవమానించిన నోరూ ఒకే మనిషివని మనం చిన్నప్పటి నుంచీ ఒప్పుకుంటూనే ఉన్నాం.

అపోహ: డంబుల్‌డోర్‌ను చంపినప్పుడే ద్రోహి అని తేలిపోయింది.

ఆరో పుస్తకం చివర్లో స్నేప్ డంబుల్‌డోర్‌ను చంపుతాడు; అది డంబుల్‌డోర్ కోరినదేనని ఏడో పుస్తకంలో గానీ తెలియదు. ఆరో పుస్తకం 2005 జులైలో, ఏడోది 2007 జులైలో వచ్చాయి. ఆ రెండేళ్లూ పాఠకులు ఊరికే వాదించుకోలేదు. పారిపోతూ కూడా స్నేప్ హ్యారీ మంత్రాలను అడ్డుకున్నాడు, అతణ్ణి హింసిస్తున్న వోల్డెమార్ట్ అనుచరుణ్ణి ఆపాడు. ఆ ఆధారం అక్కడే ఉంది.

అపోహ: అభిమానుల కోసం రచయిత్రి చివర్లో కథ మార్చేసింది.

ఈ పుకారు వింటే నాకు ఓపిక నశిస్తుంది. 2003లో వచ్చిన అయిదో పుస్తకం తెరవండి. మనుషుల ఆనందాన్ని పీల్చేసే డిమెంటర్లనే జీవుల గురించి "ఆ దరిద్రపు కుర్రాడు" లిలీకి చెబుతుంటే విన్నానని లిలీ అక్క పెటూనియా అంటుంది. అందరం అది హ్యారీ తండ్రి జేమ్స్ అనుకున్నాం. అది స్నేప్.

అపోహ: సినిమాలు చూస్తే చాలు.

మొదటి పుస్తకంలో స్నేప్‌కు 31 ఏళ్లు. ఆ పాత్ర వేసేనాటికి ఆలన్ రిక్‌మన్‌కు యాభై దాటాయి. ఆ గొంతులోని గాంభీర్యాన్ని స్నేప్‌కు అంటగట్టి చాలామంది ప్రేమిస్తున్నారు. పుస్తకంలోని స్నేప్ పాత పగలు దిగమింగలేని యువకుడు.

ఆ అమ్మాయికి మూడో పుస్తకం ఇచ్చి, నెవిల్ కప్ప కథ ఉన్న ఏడో అధ్యాయం మళ్లీ చదవమన్నాను. శుక్రవారం తిరిగి తెచ్చింది. లోపల ఒక చీటీ ఉంది: "టీచర్, వచ్చే వారం నెవిల్ గురించి మాట్లాడుకుందామా? నేను మొదలుపెడతాను."